గుడ్డులో ఆగిపోయిన పిల్లకు చేయందించాలా?

పోయిన ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి, అల్వాల్‌లో మా ఇంటి బాత్రూంలో గీజర్ నీళ్లు బకెట్లోకి వదిలి ఆవిరి నిండనిచ్చి, ఒక కోడిపిల్ల ముఖం మీద ఎండిపోయిన పొరని తడి దూదితో నానబెట్టి కొద్దికొద్దిగా తీశాను. గంటన్నర తర్వాత అది సగం పెంకులో కూర్చుని, మెడ బయటపెట్టి అరుస్తుంటే ఫొటో తీసి మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కాసేపు పడుకుని లేచేసరికి మా వదిన ఒక ఫార్వర్డ్ పంపింది. సీతాకోకచిలుక కథ. గూడులోంచి రాలేక కష్టపడుతున్న సీతాకోకచిలుకని చూసి జాలిపడి ఒకాయన కత్తెరతో గూడు కత్తిరిస్తే, అది బయటికి వచ్చినా ఇక ఎగరలేకపోతుందే, అదే. దాని కింద "పాపం అని మనం చేసే సాయమే వాటికి శాపం, మన పిల్లల విషయంలో కూడా అంతే" అని రాసింది. చాలామంది దండం బొమ్మలు పెట్టారు.

వదిన మనసులో ఏదో పెట్టుకుని పంపలేదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నాలుగు రోజులుగా ఆ కథ నన్ను వదలడం లేదు. రెండేళ్ల క్రితం ఆ కథలో ఆయనలాగే తొందరపడి ఒక పిల్లని చంపాను. పోయినేడు అదే కథని నమ్ముకుని, చేతులు కట్టుకుని కూర్చుని, ఇంకో పిల్లని చావనిచ్చాను. అందుకే ఈ విషయం మీద నాకు ఇప్పుడు గట్టి అభిప్రాయమే ఉంది. "గుడ్డులోంచి తనంతట తాను రాగలిగిందే బతకాలి, మనం చేయి పెట్టకూడదు" అనే మాట ఇంక్యుబేటర్ పెట్టుకున్నవాళ్లు అనకూడదు. గుడ్లని తల్లి పొట్ట కింద కాకుండా డబ్బాలో పెట్టిన రోజే ప్రకృతిని పక్కకు జరిపేశాం. ఇరవై రోజులు అన్నీ మనమే చేసి, ఇరవై ఒకటో రోజు మాత్రం భారం ప్రకృతి మీద వేయడం న్యాయం కాదు.

అయితే సాయం చేయాలి అనడం వేరు, ఇప్పుడే చేయాలి అనడం వేరు. చేయాలా వద్దా అన్నది మన బాధ్యతకి సంబంధించిన ప్రశ్న. ఎప్పుడు అన్నది గుడ్డుని చూసి తెలుసుకోవాల్సిన విషయం. జనం ఈ రెండింటినీ కలిపేస్తారు, నేనూ కలిపేశాను.

ఆగస్టులో పోయిన పిల్ల

నా ఇంక్యుబేటర్ అందరి ఇళ్లలో ఉండేలాంటిదే. థర్మాకోల్ పెట్టె, రెండు బల్బులు, ఆన్‌లైన్‌లో కొన్న థర్మోస్టాట్, పాత కంప్యూటర్లోంచి తీసిన ఫ్యాను, నీళ్ల గిన్నె, తేమ చూపించే చిన్న మీటరు. గుడ్లు జనగామ వైపు మా పుట్టింటి ఊరి నుంచి తెచ్చుకుంటాను, నాటుకోళ్లవి, కొన్నిటిలో అసీల్ అనే పందెం కోళ్ల జాతి రక్తం ఉంటుంది. టెంపరేచర్ 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టడం, పద్దెనిమిదో రోజు దాకా గుడ్లు తిప్పడం, ఆ తర్వాత తిప్పడం ఆపి తేమ 65, 70 శాతానికి పెంచి మూత ముట్టుకోకుండా ఉండడం, ఇవన్నీ మీకు తెలిసినవే.

ఆ సారి ఇరవయ్యో రోజు సాయంత్రం ఆరింటికి మూడో నంబరు గుడ్డు మీద చిన్న పగులు కనిపించింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచ. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. రాత్రి పన్నెండైనా ఆ పగులు అలాగే ఉంది, ఇసుమంత కూడా పెద్దది కాలేదు. లోపల ఊపిరాడక కొట్టుకుంటోందేమో, గాలి అందక చచ్చిపోతుందేమో అని ఒకటే టెన్షన్. మా ఆయన "పొద్దున చూద్దాంలే" అన్నారు. ఆయన నిద్రపోయాక నేను గుడ్డు బయటికి తీసి, కనుబొమ్మలకి వాడే ప్లక్కర్ తెచ్చుకున్నాను.

పెంకు ముక్క ఒకటి తీశాను, ఏం కాలేదు. రెండోది తీశాను, కింద తెల్లటి పొర కనిపించింది. పొర కొస పట్టుకుని లాగాను. ఆ పొరలో దారం కంటే సన్నగా ఒక ఎర్రటి గీత ఉంది. కనిపించింది, కానీ అదేంటో నాకు తెలియదు. తెగింది. ముందు ఆవగింజంత చుక్క. దూది అద్దాను. తీయగానే మళ్లీ చుక్క, ఈసారి ఇంకా పెద్దది. నాలుగు దూది ముక్కలు మార్చినా ఎరుపు తగ్గలేదు. పిల్ల అరుపులు పొడుగ్గా సాగి, మధ్యమధ్యలో ఆగి, ఒంటిగంట దాటాక పూర్తిగా ఆగిపోయాయి. పెంకు తీసి చూస్తే పచ్చసొన సంచి ఇంకా సగం పొట్ట బయటే ఉంది.

మర్నాడు పొద్దున నుంచి సాయంత్రంలోపు మిగతా గుడ్లలో ఏడు పిల్లలు వాటంతట అవే వచ్చాయి. మూడో నంబరుది కూడా వాటితోపాటు వచ్చేదే.

పగులు పడ్డాక ఎందుకు ఆగుతుంది

ఆ తర్వాత నేను కూర్చుని నేర్చుకున్నది ఇది, ముందే తెలిసుంటే బాగుండేది. గుడ్డులో చివరి రోజుల దాకా పిల్ల ముక్కుతో ఊపిరి పీల్చదు. పెంకు లోపలి గోడకి ఆనుకుని ఒక పొర, ఆ పొర నిండా రక్తనాళాలు, పెంకులో కంటికి కనబడని రంధ్రాల గుండా వచ్చే గాలిని ఆ నాళాలే పిల్లకి చేరుస్తాయి. చివరి రోజుల్లో పిల్ల పెద్దదై ఆ గాలి చాలదు. అప్పుడు ముక్కుతో గుడ్డు లావు వైపున్న గాలి గదిలోకి పొర చించుకుని మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. మనకి బయటికి కిచకిచ వినిపించేది ఎక్కువగా అప్పటి నుంచే. ఆ కాస్త గాలి కూడా తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మెడ వెనక ఉబ్బిన కండరం ఎగిరెగిరి పడి, ముక్కు కొసన ఉండే గట్టి మొనతో పెంకుని కొడుతుంది. అదే మనం చూసే మొదటి పగులు.

ఆ తర్వాత పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు, పిల్ల దాదాపు ఏమీ చేయనట్టే ఉంటుంది. అలిసిపోయింది, ఓడిపోయింది అనుకుంటాం. నిజానికి బయటి గాలి దొరికింది కాబట్టి ఇప్పుడు దానికి తొందర లేదు. లోపల రెండు పెద్ద పనులు అప్పుడే పూర్తవుతుంటాయి. పెంకుకి అంటుకున్న నాళాల్లోని రక్తం వెనక్కి ఒంట్లోకి చేరుతుంది. మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు గుండా పొట్టలోకి వెళ్లి, బొడ్డు మూసుకుంటుంది. ఆ సొనే పుట్టాక రెండు మూడు రోజులు దానికి తిండి. ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి తిండీ నీళ్లూ లేకుండా జిల్లాలు దాటించగలుగుతున్నారంటే ఆ సొన పొట్టలో ఉండబట్టే. ఇదంతా అయ్యాక పిల్ల మెల్లగా తిరుగుతూ, పెంకుని చుట్టూ చిట్లించుకుంటూ వచ్చి, కాళ్లతో తన్ని టోపీలాంటి పై పెంకుని ఎగరగొట్టి బయటపడుతుంది. ఈ చివరి భాగం ఒక్కోసారి గంటలో అయిపోతుంది.

ఇది తెలిశాక సీతాకోకచిలుక కథ నాకు కోడిపిల్లకి అతికినట్టు అనిపించలేదు. ఆ కథలో ఆగమనడానికి చెప్పే కారణం కష్టపడితేనే రెక్కలకి బలం వస్తుందని. అసలు సీతాకోకచిలుక రెక్కల్లోకి ద్రవం పంపి వాటిని విప్పుకునేది బయటికి వచ్చి వేలాడుతున్నప్పుడు. ఆ సంగతి పక్కన పెట్టినా, కోడిపిల్ల దగ్గర మనం ఆగాల్సిన కారణం పూర్తిగా వేరు. దాని రక్తం ఇంకా పెంకులో ఉంది, దాని తిండి ఇంకా పొట్ట బయట ఉంది, అందుకు ఆగాలి. ఆ రెండూ లోపలికి వెళ్లిపోయాక కూడా పిల్ల ఇరుక్కుని ఉంటే, ఇంకా కష్టపడనీ అని చూస్తూ కూర్చోవడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. ఆగమన్న కారణం అయిపోయినా ఆగుతున్నాం, అంతే.

ఏప్రిల్‌లో పోయిన పిల్ల

నేను అలాగే ఆగాను. ఆగస్టు దెబ్బకి ఇంక జన్మలో గుడ్డు మీద చేయి వేయనని ఒట్టు పెట్టుకున్నాను. పోయినేడు ఏప్రిల్‌లో మళ్లీ పన్నెండు గుడ్లు పెట్టాను. హైదరాబాద్ ఎండలు మీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం గదిలో తేమ మీటరు 22 శాతం చూపించేది. బాక్సులో నీళ్ల గిన్నె రోజుకు రెండుసార్లు నింపేదాన్ని. పగుళ్లు మొదలైన రోజు ఆదివారం. కాలనీ పిల్లలు ఒక గుంపుగా వచ్చారు, వాళ్ల అమ్మలు వచ్చారు, అందరికీ చూపించాలని ఉత్సాహం. ఆ ఒక్క పూట అయిదారుసార్లు మూత తీసుంటాను. తీసిన ప్రతిసారీ మీటరు 68 నుంచి 40 లోపుకి పడిపోయేది, మళ్లీ ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టేది.

తొమ్మిదో నంబరు గుడ్డుకి బొటనవేలి గోరంత రంధ్రం పడింది. ముక్కు కనిపిస్తోంది. రంధ్రం చుట్టూ పొర అంచు మొదట తెల్లగా ఉండి, సాయంత్రానికి పసుపు తిరిగి, రాత్రికి ముదురు గోధుమ రంగులోకి వచ్చింది. ఇరవై నాలుగు గంటలు దాటాయి. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది. అరుపు ఉంది కానీ అదే చోట ఉంది. నాకు చేతులు లాగుతున్నాయి. అప్పుడే ఎవరో పంపిన ఈ సీతాకోకచిలుక కథ చదువుకుని, నేను చేస్తున్నది సరైనదే అని నాకు నేను చెప్పుకున్నాను. ముప్ఫై గంటల దగ్గర నిద్రపోయాను. పొద్దున్నే శబ్దం లేదు.

పెంకు విప్పి చూశాను. పచ్చసొన మొత్తం లోపలికి వెళ్లిపోయింది. బొడ్డు మూసుకుపోయింది. పొరలో ఒక్క రక్తపు చుక్క లేదు, నాళాలన్నీ ఖాళీ గీతలు. పిల్ల నిండుగా, బరువుగా, కాళ్ల గోళ్లతో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి. పొర మాత్రం ఫెవికాల్ ఎండినట్టు ఎండి, మెడ మీద ఈకలకీ కుడి రెక్కకీ అతుక్కుని బిగిసిపోయింది. మెడ తిప్పుకోలేకపోయింది. తిరగలేని పిల్ల పెంకుని చుట్టూ ఎలా కోస్తుంది? అది రాత్రి ఏ పది గంటలకో సిద్ధంగా ఉండి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూది ముక్క చాలు దానికి.

మా అబ్బాయి పక్కన నిలబడి "దానికి బలం లేదా అమ్మా?" అని అడిగాడు. "అవును నాన్నా, బలం లేని పిల్ల" అన్నాను. అది అబద్ధం. ఆ పిల్లని తీసుకెళ్లి మామిడి మొక్క మొదట్లో పూడ్చిపెట్టినప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. నేను ఆరుసార్లు మూత తీసి దాని ఒంటి చుట్టూ పొరని ఎండబెట్టాను, ఎండబెట్టి, పోయాక తప్పు దాని మీదికే తోశాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వదిన ఫార్వర్డ్ కంటే ఈ మాటే.

నాయనమ్మ చేసిన పని

పెద్దవాళ్లు ఎప్పుడూ ముట్టుకునేవాళ్లు కాదు, అంతా కోడికే వదిలేసేవాళ్లు అని చాలామంది అంటారు. మా నాయనమ్మ అలా వదిలేయలేదు. పెట్ట పొదుగుకి వస్తే గంపలో వరిగడ్డి పరిచి, ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని ఒక ఇనుప మేకు, ఒక బొగ్గు ముక్క కూడా పెట్టి, పది పన్నెండు గుడ్లు వేసేది. ఇరవై ఒకటో రోజు దాటాక ఇంకా పగలని గుడ్లని ఒక్కొక్కటీ తీసి చెవికి ఆనించుకునేది. పగులు లేని గుడ్లని గోరువెచ్చటి నీళ్ల ముంతలో వదిలి కదులుతున్నాయా అని చూసేది. పగులు పడి ఆగిన గుడ్డుని మాత్రం నీళ్లలో వేసేది కాదు, వేలు తడిపి ఆ పగులు అంచు మీద రాసి మళ్లీ కోడి కిందికి తోసేది. ఒకసారి నేను పక్కన కూర్చుని "చచ్చిపోతదా నాయనమ్మా?" అంటే "తడి ఆరింది బిడ్డా, గంతే. దానికేం కాలె" అంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ మాట అర్థం కావడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆమె ఆ పిల్లకి ఏదో లోపం ఉందని అనుకోలేదు, చుట్టూ ఉన్న తేమలో లోపం వెతికింది. నేను ఇప్పుడు చెబుతున్నది కూడా అదే. ఇంక్యుబేటర్ గుడ్డులో పిల్ల ఆగిపోతే ముందు బాక్సుని అనుమానించాలి, బాక్సు నడిపిన మనిషిని అనుమానించాలి, ఆ తర్వాతే పిల్లని.

దీనికి నా దగ్గర లెక్క కూడా ఉంది. గుడ్డు పద్దెనిమిది రోజుల్లో తన బరువులో దాదాపు 12 శాతం నీటిని ఆవిరిగా పోగొట్టుకోవాలి, 50 గ్రాముల గుడ్డు 44 దగ్గరికి రావాలి. వంటింటి త్రాసు మీద తూస్తే తెలిసిపోతుంది. మా ఇంట్లో ఏప్రిల్ గుడ్లు ఎనిమిది గ్రాములకి పైనే తగ్గాయి. తర్వాతి వానాకాలంలో తూస్తే నాలుగున్నర కూడా తగ్గలేదు. ఎక్కువ తగ్గితే పొర ఎండి పిల్లని చుట్టేస్తుంది, తక్కువ తగ్గితే గాలి గది చిన్నదై, పిల్ల నీరు పట్టినట్టు ఉబ్బి తిరగలేకపోతుంది. ఒకే ఊళ్లో, ఒకే పెట్టెలో, ఒకే పెట్టల గుడ్లకి ఎండాకాలం ఒక రోగం, వానాకాలం ఇంకో రోగం వచ్చిందంటే అది పిల్లల బలహీనత ఎలా అవుతుంది?

ఒప్పుకోని వాళ్ల మాటలు

మా వెనక వీధిలో పశుసంవర్ధక శాఖలో రిటైరైన అంకుల్ ఒకాయన ఉన్నారు. కోళ్ల గురించి నాకు సగం నేర్పింది ఆయనే, కానీ ఈ ఒక్క విషయంలో ఆయనకీ నాకూ కుదరదు. "చూడమ్మా, బలం లేనిది గుడ్డులోనే ఆగిపోతుంది. దాన్ని నువ్వు బయటికి లాగితే ఆ లోపం తర్వాతి తరానికి వెళ్తుంది. మన రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు వనరాజా, గ్రామప్రియ కోడి రకాలు తయారుచేశారంటే ఎన్ని తరాలు ఏరి ఏరి తీశారనుకున్నావ్? జాలిపడితే అయ్యే పనేనా?" అంటారు. పెద్ద ఎత్తున పిల్లల్ని పొదిగించే హేచరీల్లో కూడా ఇరవై ఒక్క రోజులు దాటగానే ట్రేలు బయటికి తీసేస్తారు, అప్పటికి రానిది లెక్కలోకి రాదు.

ఆయన మాటలో నిజం ఉంది, అది నేను కొట్టిపారేయలేను. కాకపోతే హేచరీలో ప్రతి గుడ్డుకీ ఒకే వేడి, ఒకే తేమ, గంటగంటకీ తిప్పే మిషన్. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి ఒకే హాల్లో కూర్చోబెట్టాక ఫెయిలైతే అది ఆ పిల్ల గురించి ఏదో చెబుతుందని ఒప్పుకుంటాను. మా ఇంట్లో ఒక మూల గుడ్డుకి బల్బు వేడి ఎక్కువ, ఇంకో మూల ఫ్యాను గాలి నేరుగా తగులుతుంది, మధ్యలో కరెంటు పోతుంది. ఇక్కడ ఆగిపోయిన పిల్లని చూసి వంశం గురించి తీర్పు ఎలా చెప్తాం? వంశం గురించి అంత పట్టింపు ఉంటే సాయంతో వచ్చిన పిల్లని పెంచుకుని, దాని గుడ్లు పొదగేయకుండా ఉంటే సరిపోతుంది. దాన్ని గుడ్డులోనే చావనివ్వాల్సిన పని లేదు.

ఇంకొందరు అంటారు, తల్లికోడి కూడా ఆగదు కదా అని. నిజమే. పెట్ట రెండు రోజులు చూసి, వచ్చిన పిల్లల్ని వెంటేసుకుని లేచిపోతుంది, లోపల పిల్ల అరుస్తున్నా గుడ్డుని వదిలేస్తుంది. కానీ దానికి కారణం ఉంది, బయట పది పిల్లలకి గింజలు చూపించాలి, గద్ద నుంచి కాపాడాలి. ఇంకో రోజు గూట్లో కూర్చునే వీలు దానికి లేదు. నాకు ఉంది. నా బల్బులు ఇంకో రోజు వెలుగుతాయి.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం మాత్రం మూత గురించి. ఒక పిల్లకి సాయం చేయడానికి మూత తీస్తే, ఆ క్షణంలో పగులు పడి ఉన్న మిగతా నాలుగు గుడ్లలో పొర ఎండడం మొదలవుతుంది. ఒకదాన్ని కాపాడబోయి ఇంకోదాన్ని అదే స్థితికి తెస్తాం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మూత ఒక పక్క నుంచి చేయి పట్టేంత మాత్రమే ఎత్తడం, ఎత్తే ముందు లోపల గోరువెచ్చటి తడిగుడ్డ వేయడం, గుడ్డుని బాత్రూం ఆవిరిలోకి తీసుకెళ్లి అక్కడే పని చూడడం, ఇంతవరకే చేయగలుగుతున్నాను. మిగతా గుడ్లన్నీ కీలకమైన దశలో ఉంటే ఇప్పటికీ ఆగిపోతాను. ఆగిన రాత్రి నిద్ర పట్టదు.

ఇప్పుడు నేను చూసేవి

గడియారం చూస్తాను కానీ గడియారాన్ని బట్టి చేయి పెట్టను. పగులు పడి పన్నెండు గంటలు కాకపోతే అసలు ఆ గుడ్డు గురించి ఆలోచించను. ఇరవై నాలుగు దాటితే దగ్గరగా చూడడం మొదలుపెడతాను. పెంకుని చుట్టూ కోయడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన పిల్ల విషయంలో మాత్రం అంతసేపు ఆగను, ఎందుకంటే ఆ దశకి వచ్చిందంటే లోపలి పనులు చాలావరకు అయినట్టే, మూడు నాలుగు గంటలు కదలకపోతే ఏదో అడ్డుపడినట్టు.

పొర రంగు చాలా చెబుతుంది. తెల్లగా, కాగితంలా, మెత్తగా ఉంటే వదిలేస్తాను. గోధుమ రంగు తిరిగి తోలులా బిగిస్తే అనుమానిస్తాను. అప్పుడు దూదిని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండేసి, ముక్కు రంధ్రాలకి తగలకుండా పొర మీద అద్దుతాను. తడిసిన పొర కాస్త పారదర్శకంగా మారుతుంది. ఫోన్ టార్చ్ పక్కనుంచి పెట్టి చూస్తే ఎర్రటి నాళాలు నిండుగా ఉన్నాయా, ఖాళీ అయ్యాయా అన్నది కనిపిస్తుంది. ఎరుపు ఉంటే, పిల్ల ఎంత ఏడుస్తున్నా, తడిపి బాక్సులో పెట్టేస్తాను. ముక్కు తెరిచి మూస్తూ ఏదో నములుతున్నట్టు చేస్తుంటే కూడా అంతే, అది ఇంకా సిద్ధం కాలేదు. నాళాలు ఖాళీగా ఉండి, పొర ఎండి, అరుపు నీరసపడుతుంటే అప్పుడు చేయి పెడతాను. అప్పుడు కూడా మొత్తం ఒలవను. గాలి గది వైపు పెంకు మాత్రం తీస్తాను, పొర మీద కొబ్బరినూనె చుక్క రాసి తల విడిపిస్తాను, కింది సగం పెంకు అలాగే ఉంచుతాను. ఎక్కడైనా ఎర్రటి చుక్క కనబడితే అక్కడితో ఆపేస్తాను, గంటో రెండు గంటలో మళ్లీ ముట్టను. కింది సగం లోంచి పిల్ల తనే తన్నుకుని రావాలి. ఒకవేళ నా అంచనా తప్పై సొన ఇంకా కొంచెం బయట ఉంటే, ఆ సగం పెంకులో దానికి ఇంకాస్త సమయం దొరుకుతుంది.

ఆదివారం పిల్ల విషయంలో ఇదే జరిగింది. శుక్రవారం రాత్రి పదకొండుకి పగులు. శనివారం సాయంత్రం చుట్టూ కోయడం మొదలుపెట్టి మూడోవంతు దాకా వచ్చింది. అప్పటికే పుట్టి ఆరిన నాలుగు పిల్లలు ఆ గుడ్డుని దొర్లిస్తున్నాయని నేను మూత తీసి వాటిని బయటికి తెచ్చాను. ఆ తర్వాత గుడ్డు అక్కడే ఆగిపోయింది. నేను గంటకోసారి చూసి, రాత్రి పదకొండుకి ఒకసారి దూది అద్దాను, ఒక పక్క ఇంకా సన్నగా ఎరుపు ఉంది. పెట్టేశాను. మూడింటికి మళ్లీ అద్దితే ఎరుపు లేదు. అప్పుడు గీజర్ వేశాను. తల విడిపించి మళ్లీ బాక్సులో పెడితే పొద్దున ఆరున్నరకి కింది పెంకుని తన్నేసి బయటపడింది. బొడ్డు ఆరిపోయి శుభ్రంగా ఉంది.

అన్నీ ఇలా అవుతాయని నేను చెప్పడం లేదు. పోయినేడు మేలో ఒకదానికి ఇంత జాగ్రత్తగానూ సాయం చేశాను, రక్తం లేదు, సొన లోపలికే వెళ్లింది, కానీ బయటికి వచ్చాక కాళ్లు రెండు పక్కలకీ జారిపోయి నిలబడలేదు. మెత్తటి టేపుతో కాళ్లు కలిపి కట్టాను, ముక్కు ముంచి నీళ్లు తాగించాను, నూకలు నానబెట్టి వేలితో పెట్టాను. నాలుగో రోజు పోయింది. ఆ ఒక్కదాని విషయంలో అంకుల్ మాటే నిజమేమో, అది లోపల ఆగిపోవడానికి కారణం నా తేమ కాదేమో. గుడ్డు బయటినుంచి చూసి ఆ తేడా తెలుసుకునే మార్గం ఉంటే బాగుండేది. తెలియనప్పుడు తప్పు నాదే అనుకుని సాయం చేయడం వైపే నా మనసు మొగ్గుతుంది, ఆ నాలుగు రోజులు చూశాక కూడా.

అదే మేలో ఇంకో రెండు పిల్లలు నా చేతుల మీదుగా వచ్చాయి. ఒకటి పొర ఎండి ఇరుక్కున్నది, తప్పు కచ్చితంగా నాదే, ఆ రోజు నీళ్ల గిన్నె నింపడం మర్చిపోయాను. రెండోది గుడ్డు సన్నటి కొస వైపు పగలగొట్టుకుంది, అంటే తల ఉండాల్సిన వైపు లేదు. ఊరి నుంచి తెచ్చాక మా అబ్బాయి ట్రేలో కొన్ని గుడ్లని తలకిందులుగా పెట్టాడు, ఇది వాటిలోదో కాదో నాకు తెలియదు. దాని దగ్గర ముప్ఫై రెండు గంటలు ఆగాను, మూడుసార్లు ఎరుపు చూసి వెనక్కి పెట్టాను.

రెండూ ఇప్పుడు పెట్టలయ్యాయి, మేడ మీద తిరుగుతున్నాయి. మొదటిది పోయిన నెల పొదుగుకి కూర్చుంటే అంకుల్ వద్దన్నా దాని గుడ్లే దాని కింద వేశాను, తొమ్మిదిటిలో ఎనిమిది పిల్లలు వచ్చాయి, ఏ ఒక్కదాన్నీ నేను ముట్టుకోలేదు. రెండోది కూడా చక్కగా గుడ్లు పెడుతుంది. దాని లోపం ఎవరివల్ల వచ్చిందో నేను తేల్చుకోలేకపోయాను కాబట్టి, ఆ గుడ్లు మాత్రం వంటింట్లోకే వస్తున్నాయి.